నడుమ నల్ల గుర్తు

నేను ఒక తాడును. తాడనగానే మీకు బావి గిలకో, గేదె మెడో గుర్తుకొస్తే తప్పు పట్టను. మా జాతిలో ఎక్కువ మంది ఆ కొలువుల్లోనే ఉన్నారు. నాది వేరే ఉద్యోగం. కొండలెక్కే మనుషులు కింద పడిపోకుండా పట్టుకోవడం నా పని. ఎన్నిసార్లు పట్టుకున్నానో లెక్క పెట్టుకోలేదు. పట్టుకోలేకపోయింది మాత్రం ఒక్కసారే. ఆ ఒక్కసారి లేకపోతే నా కథ ఎవరికీ అక్కర్లేదు.

ఎక్కడో చలిదేశంలో, ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. లోపల తెల్లటి నైలాన్ పోగులు, పైన నారింజ రంగు అల్లిక, దాని వెంబడి ఒక నీలి గీత. లావు చిటికెన వేలంత, పొడవు అరవై మీటర్లు. మాతోపాటు పుట్టిన వాణ్ణొకణ్ణి బయటికి తీసి, ఇనుప బరువు కట్టి, తెగేదాకా కింద పడేశారు. వాడు తెగాక, మిగిలిన మేమంతా గట్టివాళ్ళమని కాగితం మీద ముద్ర వేశారు. మనుషుల పరీక్షలు అలా ఉంటాయి. చివరగా ఒకాయన నన్ను పరిచి, సరిగ్గా నడుమ, ముప్పయ్యో మీటరు దగ్గర, జానెడు పొడవున నల్ల సిరా పూశాడు. ఆ నల్ల గుర్తును గుర్తుపెట్టుకోండి.

అక్కణ్ణుంచి సముద్రాలు దాటి, తెలంగాణలో ఒక నల్లరాతి గుట్ట కింద ఉన్న కొండలెక్కే బడికి వచ్చిపడ్డాను. డబ్బా విప్పినవాడు గరికిన ధనరాజు. ఆ బడిలో పెద్ద శిక్షకుడు. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టి, రాళ్ళ మీద పిచ్చితో ఇంతదూరం వచ్చాడు. నా మెడలో 'అరవై మీటర్లు' అని అచ్చువేసిన చీటీ వేలాడుతూనే ఉంది. అతను దాని వంక కూడా చూడలేదు. రెండు చేతులూ బారచాపి, ఈ చేతినుంచి ఆ చేతికి నన్ను జరుపుకుంటూ కొలిచాడు.

"ముప్పై నాలుగు బారలు," అని ఫోనులో తండ్రితో చెప్పాడు. "అయ్యా, దీనికి వయసైపోయాక మన పడవ లంగరుకి అట్టుకొస్తాను. సాగే తాడు. కెరటం గుంజినా తెగదు."

కొండతాళ్ళకు పింఛను వయసు ఉంటుంది. కొన్నేళ్ళయ్యాక, బాగానే ఉన్నా, మనిషి ప్రాణం మా మీద పెట్టరు. అప్పుడు నేను సముద్రానికి పోతానన్నమాట. నాకు సంతోషం వేసింది. కొలువులో చేరిన రోజే పదవీ విరమణ ఏర్పాట్లు జరిగిన తాడు ఇంకోటి ఉండదు.

ధనరాజుకు ఒక చాదస్తం ఉండేది. కొండ దిగి, నడుము నుంచి నన్ను విప్పుకుని పక్కవాళ్ళకు వదిలే ముందు, నా కొసన ముడి వేసేవాడు. ఒక చుట్టు ఎక్కువ తిప్పి, కొసను లోపలికి దోపే ముడి. పిల్లలు నవ్వేవాళ్ళు. ఎందుకన్నా అని అడిగితే, "మా అయ్య అలవాటు" అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు.

అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళలో కొడప మోతీబాయి ఒకతె. ఆదిలాబాదు అడవిలోని గోండు గూడెం పిల్ల. హాస్టల్లో చదువుతూ గుట్ట ఎక్కడానికి వచ్చి, నాలుగేళ్ళకు తనే నేర్పేదైంది. ధనరాజును అన్నా అనేది. అతను చెల్లెమ్మా అనేవాడు. తోబుట్టువులు లేనివాళ్ళు ఆ మాటల్ని వాడే తీరు వేరు. ఊరికే పిలుపు కోసం కాదు. తాళ్ళ సంరక్షణ ఆమె పని. మమ్మల్ని ఉతికేది, నీడన ఆరబెట్టేది, వేళ్ళతో అంగుళం అంగుళం తడిమి చూసేది. అంత శ్రద్ధగా తన జడను కూడా చూసుకునేది కాదు.

నా ఏడో ఏట ముగ్గురు కలిసి హిమాలయాల్లోని గఢ్వాల్‌లో ఒక మంచుకొండ ఎక్కాలనుకున్నారు: ధనరాజు, మోతీబాయి, అక్కడి కొండమనిషి కుందన్ సింగ్. ధనరాజు సంబరం అంతా ఇంతా కాదు. "ఆ మంచు కరిగి గంగలోంచి మా సముద్రానికే వస్తాది. మా అయ్య వల వేసే నీళ్ళు ఎక్కడ పుడతాయో నాను సూసి రావాల," అని అందరికీ చెప్పుకుని తిరిగాడు.

బయల్దేరడానికి వారం ముందు, సాధనలో ఒక రాయి దొర్లి నా ఒక కొస దగ్గర పడింది. అల్లిక చిరిగి లోపలి తెల్ల పోగులు బయటికొచ్చాయి. ధనరాజు ఆ రోజు పర్మిట్ల పని మీద పట్నం వెళ్ళాడు. మోతీబాయి చూసింది. చెయ్యవలసిందే చేసింది. కత్తిని స్టవ్ మంట మీద ఎర్రగా కాల్చి, దెబ్బ తగిలిన చోటుకు పైన, రెండు బారలు కోసేసింది. కోసిన కొస కరిగి, తెల్లగా గట్టిపడింది.

ఇక్కడ మా వృత్తిలో ఒక నియమం ఉంది. ఒక కొస కోస్తే రెండో కొసనూ అంతే కొయ్యాలి. లేదంటే పాత గుర్తు చెరిపి కొత్త నడుమన గుర్తు పెట్టాలి. మోతీబాయికి తెలియదా? పదిమందికి నేర్పింది ఆమే. సిరా సీసా కోసం లేచింది కూడా. అంతలో వంటింట్లోంచి కేక వేశారు. ఆ పూట అన్నం వంతు ఆమెది, ఎసరు పొంగిపోతోంది. వెళ్ళింది. అన్నం వండింది. అందరికీ పెట్టింది. సాయంత్రం ఎవరో నన్ను చుట్టచుట్టి సంచీలో పెట్టేశారు. ఆమెకు ఆ మాట మరి గుర్తు రాలేదు. ఇంతే జరిగింది. దీన్ని తప్పు అనాలంటే నాకే నోరు రాదు, కానీ తప్పే.

కొండ ఎక్కడం గురించి పెద్దగా చెప్పను. తెల్లవారుజామున మంచు కిర్రుమనడం, ఎండ పడగానే కొండ కొండంతా గులాబీ రంగుకు తిరగడం, పైకెక్కిన ముగ్గురూ ఒకరి వీపు ఒకరు తట్టుకోవడం... అవన్నీ నేను చూశాను. ధనరాజు శిఖరం మీద గుప్పెడు మంచు తీసి నోట్లో వేసుకుని, "ఉప్పు లేదు గానీ మా నీళ్ళే," అని నవ్వాడు. నాకు గుర్తున్న అతని నవ్వు అదే ఆఖరు.

దిగేటప్పుడు గాలి లేచింది. మేఘం దిగింది. కొండ దిగడం ఇలా ఉంటుంది: రాతికి దిగ్గొట్టిన రింగులో నా నడుమును ఉంచి, రెండు సగాలనూ కిందికి వదులుతారు. నడుముకు కట్టుకున్న ఒక లోహపు ముక్కలోంచి రెండు సగాలనూ కలిపి పోనిచ్చి, దాని బిగువున మనిషి మెల్లగా దిగుతాడు. దిగాక ఒక సగాన్ని లాగితే నేను మొత్తం కిందికి వచ్చేస్తాను. రెండు సగాలూ సమానంగా ఉన్నంతవరకూ భయం లేదు. ఒకటి పొట్టిదై, దాని కొస ముందుగా ఆ ముక్కలోంచి జారిపోయిందా, మనిషి బరువుకు తాడంతా రింగులోంచి పరుగెత్తిపోతుంది. అలా జారకుండా కొసలకు ముడి వేస్తారు.

ధనరాజు ఎప్పుడూ వేసేవాడు. కానీ ఆ రోజు పైన రెండుసార్లు గాలి నన్ను పక్కకు విసిరి, ముడి రాతి నెర్రెలో ఇరుక్కుంది. దాన్ని విడిపించడానికే గంట పోయింది. ఆ రెండు దిగుళ్ళూ పొట్టివి కాబట్టి కొసల తేడా ఎవరి కంటా పడలేదు. చీకటి పడేలోగా గుడారం చేరకపోతే ముగ్గురికీ ప్రమాదం. "ఈ ఒక్కసారికి ముడి వద్దులే. ఇరవై తొమ్మిదిన్నర మీటర్ల కింద రాతి అరుగు ఉన్నాది, తాడు ముప్పై ఉన్నాది," అన్నాడు ధనరాజు. నల్ల గుర్తును రింగులో సరిగ్గా కూర్చోబెట్టాడు. కిందికి చూశాడు. ఒక కొస అరుగుకు తాకుతూ కనిపించింది. రెండోది రాతి పొట్ట చాటున ఉంది. గుర్తు నడుమనే ఉంటే, ఒకటి తాకితే రెండోదీ తాకినట్టే కదా.

నేను అరిచి చెప్పగలిగితే చెప్పేవాణ్ణి. తాళ్ళకు నోరివ్వని దేవుడి మీద నాకు కోపం వచ్చింది ఆ ఒక్క రోజే.

అతని పాదాలకూ అరుగుకూ మధ్య ఇంకా రెండు మీటర్లు ఉండగా నా పొట్టి కొస జారిపోయింది. రెండు మీటర్లంటే మీ ఇంటి గుమ్మం ఎత్తు. అరుగు మీద మంచు గట్టిపడి, బయటికి వాలుగా ఉంది. అతను అక్కడ ఆగలేదు. నా పొట్టి కొస పైకి పరుగెత్తింది. రింగు పక్కన నిలబడిన మోతీబాయి ముఖం ముందునుంచే పోయింది. కాల్చి కోసిన ఆ తెల్లటి మొన ఆమె కళ్ళబడింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు ఎసరు, సిరా సీసా, అన్నీ. ఆమె అరిచిన అరుపు పేరు కాదు, మాట కాదు. నేను రింగు దాటి ధనరాజు వెనకే పడిపోయాను.

కింద మంచులో అతనింకా ఉన్నాడు. కాళ్ళు కదలడంలేదు. చాలాసేపు ఆకాశం వైపు చూశాడు. తరవాత నన్ను మెల్లగా లాక్కున్నాడు, చేతికొచ్చిన కొస తెల్లటిదే. చేతితొడుగు పళ్ళతో ఊడదీసుకుని, బొటనవేలితో ఆ మొనను తడిమాడు. కాల్చిన కొస అది. తాళ్ళ కొసలు కాల్చి కోసేది బడిలో ఒక్కరే. అతనికి అర్థమైంది. ఆ వేలు ఆగిన తీరులో నాకు తెలిసింది.

ఆ తరవాత ముడి వేశాడు. వేళ్ళు మొద్దుబారి రెండుసార్లు తప్పాయి. మూడోసారికి పడింది. ఒక చుట్టు ఎక్కువ తిప్పి, కొసను లోపలికి దోపి, బిగువు చూడ్డానికి రెండుసార్లు గుంజాడు. ఆ పిడికిలి మరి విడలేదు.

పైనున్న ఇద్దరూ సంచీలో మిగిలిన సన్నతాడు మీద దిగి వచ్చేసరికి అతను చల్లబడిపోయాడు. మోతీబాయి ఆ పిడికిలి విప్పింది. తెల్ల కొసన ముడి చూసింది. అన్న తెలుసుకునే పోయాడని ఆమెకు అర్థమైంది. ఆ ముడిని ఆమె విప్పలేదు, ఎవరినీ విప్పనివ్వలేదు.

విచారణ జరిగింది. కొండల ఎత్తును అంగుళాలతో సహా చెప్పగల ముగ్గురు పెద్దలు బల్ల చుట్టూ కూర్చున్నారు. నన్ను బల్ల మీద పెట్టారు. ఒక్కరూ కొలవలేదు. నా మెడలో అరవై మీటర్ల చీటీ ఉంది కదా! దిగేటప్పుడు కొసన ముడి ఉందా అని అడిగారు. లేదని కుందన్ సింగ్ ఉన్నమాట చెప్పాడు. ఇప్పుడున్న ముడి మోసుకొచ్చేటప్పుడు వేసిందనుకున్నారు. 'చివర ముడి వేయకపోవడమే ప్రమాదానికి కారణం' అని రాసి, ఒక ప్రతి ధనరాజు తండ్రికి పంపారు. మోతీబాయి నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. అంతే. ఆ మూసుకున్న నోటితో రెండేళ్ళు బతికింది. నన్ను బీరువాలో పెట్టారు. ఆమె అప్పుడప్పుడు తలుపు తీసి, ముడి మీద చెయ్యి పెట్టి నిలబడేది. నువ్వే చేశావని అన్న చెప్పిన మాటగానే ఆ ముడి ఆమెకు తోచేది. నాకు అలా తోచలేదు. అయినా నన్నెవరడిగారు?

మూడో ఏడు ఆమె నన్ను అడిగి తీసుకుంది. సంచీలో వేసుకుని రైలెక్కింది, బస్సెక్కింది. ఒక పొద్దున పూట సముద్రపు ఒడ్డున దిగింది. ఆమె సముద్రం చూడడం అదే మొదలు. చూడలేదు నిజానికి. ఇసకలో పడవ పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్న ముసలాయననే చూసింది. మిగిలినవాళ్ళంతా ఒకచోట కబుర్లాడుకుంటూ వలలు దులుపుతున్నారు. ఆయన ఒక్కడే దూరంగా ఉన్నాడు. గరికిన కొర్లయ్య. కొడుకు పోలికే.

"నువ్వు మోతీబాయివి కదేటమ్మా?" అన్నాడు ఆయన, ఆమె నోరు విప్పకముందే. "మావోడు పోటోలో సూపించినాడు. ఇలాగొచ్చి కూసో."

"అవు బాపూ. అన్న మీకు గీ తాడు ఇస్తనన్నడు గద. తెచ్చిన," అంది.

ఆయన వల పక్కన పెట్టి నన్ను ఒళ్ళోకి తీసుకున్నాడు. "రంగు బాగున్నాది," అన్నాడు. నన్ను తడుముకుంటూ పోయి కొసకొచ్చాడు. చెయ్యి ఆగింది. ముడిని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఇది మా ముడి," అన్నాడు మెల్లగా. వెంటనే గొంతు పెరిగింది. "మా అయ్య నాకు నేర్పినాడు, నాను ఆడికి నేర్పినాను. ఇది మావోడు ఏసిందే! ఒరే అప్పన్నా! దాలీ! ఇలగ రండ్రా! ముడెయ్యనేదని కాయితంలో రాసినారు కదా, రెండేళ్ళుగా కొర్లయ్య కొడుకు ముడి మరిసిపోనాడని అందరూ అన్నారు కదా! సూడండి! ఏసినాడు! మావోడు ఏసినాడు!"

నలుగురు వచ్చారు. వంగి చూశారు. అవునన్నారు. ఒకాయన కొర్లయ్య భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. రెండేళ్ళుగా దూరంగా కూర్చున్న మనిషి దగ్గరికి ఊరు నడిచి వచ్చింది.

మోతీబాయి అక్కడే ఊరుకుని ఉంటే సరిపోయేది. ఆమె చెయ్యి నా మీదే ఉంది. ఆయన సంతోషం ఆయనకుంటుంది, ఆమె గుట్టు ఆమెకుంటుంది, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోవచ్చు. అలాగే చేస్తుందనే అనుకున్నాను. నేను ఆమెను ప్రేమించాను కాబట్టి, అలాగే చెయ్యాలని కూడా అనుకున్నాను.

కొర్లయ్య కళ్ళు తుడుచుకుని లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ చాపి నన్ను కొలవడం మొదలుపెట్టాడు. కొత్తతాడు ఏదొచ్చినా ఈ ఒడ్డున కొలవకుండా పడవెక్కించరట. "ఒకటి... రెండు..." అని పైకే లెక్కపెట్టాడు. ఆఖరుకొచ్చి ఆగాడు.

"ముప్పై రెండు," అన్నాడు. "మావోడు ముప్పై నాలుగన్నాడే. నా బారా ఆడి బారా ఒకటే. ఆడు కొలిస్తే తప్పు రాదు. రెండు బారలేటైనాయి తల్లీ?"

ఎవరూ ఏమీ అనుకోలేదు. ఊరికే అడిగాడు. ఇద్దరు అప్పటికే తమ వలల వైపు తిరిగారు.

"నేనే కోసిన బాపూ," అంది మోతీబాయి.

తరవాత అంతా చెప్పింది. రాయి పడడం, కోయడం, ఎసరు పొంగడం, గుర్తు జరపకపోవడం. "అన్న ఆ గుర్తునే నమ్మిండు. దిగేటప్పుడు ముడి లేకుండె, అది నిజమే. గాలికి ఇరుక్కుంటున్నదని ఆ ఒక్కసారే వద్దన్నడు. కని గుర్తు సరిగ్గ ఉంటే ముడి లేకున్నా పడకపోతుండె. ఆ ముడి పడ్డంక వేసిండు, పానం పోయేముందు. నేను ఎవ్వరికీ చెప్పలే. తప్పంత అన్న మీదికే పోయింది. నేను సూసుకుంట ఊకున్న."

వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తమ వలల దగ్గరికి వెళ్ళిపోయారు. కొర్లయ్య నన్ను పట్టుకునే ఇసకలో కూలబడ్డాడు. ఎండ ఎక్కింది. ఒక పడవ ఒడ్డుకొచ్చింది, చేపలు దించుకున్నారు, బుట్టలు తీసుకుని ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు.

"నీ మీద కోపం నేదనను," అన్నాడు ఆఖరికి. "ఉన్నాది. రేపూ ఉంటాది."

ఆమె తల ఊపింది.

"ఈ తెల్ల కొస నువ్వు కోసిందే కదా. ఆడు దీన్ని సూసినాడేటి?"

"సూసిండు. చేతిలనే ఉండె. నేనే కోసిన్నని ఎరికైంది అన్నకు. అందుకే ముడేసిండు. నాకు సూపించనీకి."

కొర్లయ్య ఆమె వైపు మొదటిసారి నేరుగా చూశాడు. "అలగనుకున్నావేటి రెండేళ్ళూ?" అన్నాడు. ముడిని అరచేతిలో పెట్టి ఆమె ముందు చాపాడు. "మా కాడ ఈ ముడి ఎందుకేస్తారో ఆడు నీకు సెప్పనేదా? నీళ్ళల్లో ఒకడు తాడు వదిలితే ఇంకోడు అందుకోవాల. తడి సేతిలోంచి కొస జారిపోతే ఆడు కెరటంలో పోతాడు. అందుకని వదిలేవోడు ఎనకోడి కోసం ముడేసి వదుల్తాడు. తన కోసం ఎవులూ ఏసుకోరు." ముడి మీద వేలు పెట్టాడు. "ఆడు కింద పడిపోనాడు. ఇంక ఆడికి తాడుతో పనేటున్నాది? పైన ఎవులున్నారు? నువ్వున్నావు."

మోతీబాయి అప్పుడు ఏడ్చింది. రెండేళ్ళలో ఆమె ఏడవగా వినడం నాకు అదే మొదలు. కొర్లయ్య ఓదార్చలేదు. వల తీసుకుని, చినిగిన కన్ను మళ్ళీ అల్లడం మొదలుపెట్టాడు. ఆమె ఏడుపు ఆగాక, "అన్నం తిని ఎల్లు," అన్నాడు. ఆమె తిన్నది. వెళ్ళేముందు, ఉన్నదున్నట్టు బడి పెద్దలకు రాసి సంతకం పెట్టి, ఆయనకు చదివి వినిపించింది. ఆ తరవాత ఆ బడిలో ఆమె చేతికి తాళ్ళు ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు.

నిజం చెప్పమంటారా? ఆ పిడికిలిలో ఉన్నది నేను. ధనరాజు ముడి వేసేటప్పుడు ఏమనుకున్నాడో నాకే తెలియదు. అతను ఏమీ అనలేదు. చలికి చెయ్యి తనకు తెలిసిన పని తను చేసిందేమో. నిందించాడేమో. చెల్లెమ్మను కాచాడేమో. తండ్రి చెప్పిందే నిజం కావాలని నాకుంది. అంతకు మించి నేను సాక్ష్యం చెప్పలేను.

ఇప్పుడు నేను కొర్లయ్య పడవకు లంగరు తాడును. నారింజ రంగు పోయింది. నీలి గీత ఎక్కడుందో వెతుక్కోవాలి. నల్ల గుర్తు ఉప్పుకు చెరిగిపోయింది. అసలు నడుమన ఆయన ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టాడు. వానలు వెలిశాక నీళ్ళలో ఉప్పు కాస్త తగ్గే రోజులు కొన్ని ఉంటాయి. అప్పుడు నాకు ఆ కొండ గుర్తొస్తుంది. ఏటా ఒకసారి మోతీబాయి వస్తుంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. ఆమె నన్ను మంచినీళ్ళతో కడిగి, ఒడ్డున ఆరబెట్టి వెళ్తుంది.

నా అల్లిక పడవ అంచుకు రాసుకుని ఒకచోట అరిగింది. ఈ ఏడో వచ్చే ఏడో కోసేయక తప్పదని నిన్న కొర్లయ్య తనలో తను అనుకుంటున్నాడు. కోసిన రోజు మళ్ళీ చేతులు చాపి కొలుస్తాడు, పీలికను కొత్త నడుమకు జరుపుతాడు. ముడి ఉన్న కొసను మాత్రం ముట్టుకోడు.